గుర్రం మీది మర్యాద

(‘రక్షణ – హక్కులు’ అనే అంశంపై జరిగిన మహిళా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను స్త్రీల రక్షణ గురించి మాట్లాడమన్నారు. నేను లాయర్ని కాను, కాలేజీలో పాఠాలు చెప్పినదాన్నీ కాను. ముప్ఫై ఏళ్ళకు పైగా ఒక ఆఫీసులో గుమాస్తాగా, తర్వాత సూపరింటెండెంటుగా పనిచేసి రిటైరయ్యాను. పుస్తకాలు చదివే అలవాటు మాత్రం ఉంది. అందుకని పెద్ద సిద్ధాంతాల జోలికి పోకుండా ఒకే ఒక్క మాట పట్టుకుని నాలుగు సంగతులు చెబుతాను.

ఆ మాట నాకు మా మనవరాలు తెచ్చిపెట్టింది. ఏదో ఇంగ్లీషు పాఠం చదువుకుంటూ “అమ్మమ్మా, శివల్రీ అంటే తెలుగులో ఏమిటి?” అని అడిగింది. వీరధర్మం అన్నాను. శౌర్యం అన్నాను. ఆడవాళ్ళ పట్ల పెద్దమనిషి తరహాగా నడుచుకోవడం అని కూడా అన్నాను. “కత్తి తిప్పడానికీ, ఆడవాళ్ళకు కుర్చీ జరపడానికీ ఒకే మాట ఎలా సరిపోతుంది?” అంది పిల్ల. అప్పటికి నా దగ్గర జవాబు లేదు. వెతుక్కున్నాను. దొరికిందే మీ ముందు పెడుతున్నాను.

ఆ మాటకు మూలం ఫ్రెంచి భాషలో ఉంది. ఫ్రెంచిలో గుర్రాన్ని ‘షెవాల్’ అంటారు. గుర్రం ఎక్కి యుద్ధం చేసేవాడు ‘షెవాలియే’. మన తెలుగులో రౌతు. రౌతుల గుంపు, వాళ్ళ తీరు, వాళ్ళ పరువు – ఇవన్నీ కలిపి ‘షెవాల్రీ’. అదే ఇంగ్లీషులో శివల్రీ అయింది. అంటే ఈ మాట పుట్టినప్పుడు అందులో ఆడది లేదు. ఉన్నది గుర్రం, ఆయుధం, ఆ రెండింటినీ భరించగల ఆస్తి. గుర్రాన్నీ ఇనుప కవచాన్నీ కొనాలంటే భూమి ఉండాలి. కాబట్టి అది మొదట్నుంచీ భూస్వాముల మర్యాద. ‘రౌతు కొద్దీ గుర్రం’ అని మనకో సామెత ఉంది. ఈ మాట విషయంలో కూడా అంతే. ఎవరు స్వారీ చేస్తే వాళ్ళు తిప్పిన వైపు తిరిగింది.

ఇంగ్లండు చట్టంలో ఈ మాటకు ఒక అర్థం ఉండేది. మన పత్రిక చదివే వాళ్ళు తప్పకుండా తెలుసుకోవలసిన అర్థం అది. యుద్ధసేవ చేస్తానన్న షరతు మీద దొర దగ్గర భూమి పొందితే దాన్ని ‘శివల్రీ’ కింద వచ్చిన భూమి అనేవారు. ఆ భూమి అనుభవించే మనిషి చనిపోయి, వారసులు చిన్నపిల్లలైతే ఏమయ్యేది? పిల్లలకూ పొలానికీ దొరే సంరక్షకుడు. వాళ్ళు పెద్దవాళ్ళయ్యేదాకా పొలం మీద రాబడి ఆయనదే. ఆ పిల్లకో పిల్లవాడికో పెళ్ళి కుదిర్చే హక్కు కూడా ఆయనదే. ఆ హక్కును ఇంకొకరికి డబ్బుకు అమ్ముకోవచ్చు కూడా. తండ్రి పోయిన ఆడపిల్ల పెళ్ళి సంతలో సరుకైంది. దానికి పెట్టిన పేరు సంరక్షణ. ఈ పద్ధతిని చట్టం ద్వారా రద్దు చేసింది 1660లో.

వితంతువుల సంగతీ అంతే. మళ్ళీ పెళ్ళి చేసుకోమని బలవంతం పెట్టకుండా ఉండేందుకు రాజుకు డబ్బు కట్టుకున్న స్త్రీలున్నారు. 1215 నాటి మాగ్నా కార్టా గురించి మనమంతా హక్కులకు ఆదిగ్రంథం అని బడిలో చదువుకున్నాం. అందులో ఎనిమిదో నిబంధన, ఒంటరిగా బతకదలచుకున్న వితంతువును పెళ్ళికి బలవంతం చేయకూడదంటుంది. సంతోషమే. కానీ దొర అనుమతి లేకుండా పెళ్ళి చేసుకోనని ఆమె హామీ ఇవ్వాలని కూడా వెంటనే అంటుంది. అదే పత్రంలో యాభై నాలుగో నిబంధన ప్రకారం, ఒక స్త్రీ ఫిర్యాదు మీద హత్యానేరానికి ఎవరినీ నిర్బంధించకూడదు, చనిపోయినవాడు ఆమె భర్త అయితే తప్ప. కొడుకును చంపినా, తండ్రిని చంపినా ఆమె నోరు చెల్లదు. ఇదీ రౌతుల కాలం నాటి న్యాయం.

మరి కావ్యాల్లో స్త్రీని దేవతను చేసి మోకాళ్ళ మీద కూర్చున్న వీరుల మాటేమిటి అంటారా? అదీ చూద్దాం. పన్నెండో శతాబ్దం చివర ఆంద్రెయాస్ కపెల్లానుస్ అనే ఆయన ప్రేమ గురించి లాటిన్‌లో ఒక గ్రంథం రాశాడు. కులీన స్త్రీతో ఎలా మాట్లాడాలి, ఎంత వినయంగా ఉండాలి అని పేజీలకు పేజీలు రాశాడు. అందులోనే రైతు స్త్రీల గురించి ఒక చిన్న అధ్యాయం ఉంది. రైతు స్త్రీ మీద మనసైతే కాస్త పొగిడి, అనువైన చోటు దొరికితే కొంచెం బలవంతం చేయడానికైనా వెనుకాడవద్దని అందులో సలహా. ఆ గ్రంథాన్ని అతను ఎగతాళిగా రాశాడా, నిజంగానే రాశాడా అని పండితులు వాదించుకుంటారు. వాదించుకోనీండి. పల్లెలో పొలం పనికి పోయే ఆడమనిషికి ఆ మర్యాద వర్తించదన్న సంగతిని మాత్రం చదివేవాళ్ళెవరూ వింతగా అనుకోరన్న నమ్మకం ఆ రాతలో ఉంది.

మనదేం తక్కువ కాదు. ఆ మాటకు మనకున్న దగ్గరి మాట దాక్షిణ్యం. మన అలంకార శాస్త్రంలో దక్షిణ నాయకుడు అంటే అనేకమంది నాయికల పట్ల సమానంగా, మర్యాదగా మెలిగేవాడు. మర్యాదలో లోపం లేదు. ఎంతమంది నాయికలుండాలన్న నిర్ణయం మాత్రం వాళ్ళది కాదు.

అయితే మిత్రులారా, ఈ కథలో నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటుంది. ఆ రౌతుల విద్య మీద, యుద్ధ ధర్మం మీద పేరుపొందిన పుస్తకాల్లో ఒకదాన్ని రాసింది ఒక స్త్రీ. ఆమె పేరు క్రిస్టీన్ ద పిజాన్. 1364లో పుట్టింది. పాతికేళ్ళ వయసులో భర్త పోయాడు. ముగ్గురు పిల్లలు, తల్లి ఆమె మీద ఆధారపడ్డారు. భర్తకు రావలసిన బకాయిల కోసం ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగింది. ఆ మర్యాదస్తుల రాజ్యంలో ఏ వీరుడూ ఆమె బకాయిలు ఇప్పించలేదు. కలం పట్టి కుటుంబాన్ని పోషించుకుంది. 1405లో స్త్రీల పక్షాన ‘స్త్రీల నగరం’ అనే గ్రంథం రాసింది. 1410లో ఆయుధాల గురించీ, రౌతు ధర్మం గురించీ పుస్తకం రాసింది. కోటను ఎలా ముట్టడించాలి, పట్టుబడినవాళ్ళతో ఎలా ప్రవర్తించాలి వంటివన్నీ అందులో ఉన్నాయి. ఆ పుస్తకాన్ని 1488లో ఫ్రాన్సులో అచ్చువేసినప్పుడు ఆమె పేరు తీసేశారు. ఆడవాళ్ళను కాపాడతామని ప్రమాణం చేసిన ధర్మం మీద ఒక ఆడది పుస్తకం రాస్తే, ఆమె పేరును కాపాడినవాడు లేడు.

ఇక ఆధునిక కాలానికి వద్దాం. 1790లో ఎడ్మండ్ బర్క్ అనే బ్రిటిష్ రాజకీయవేత్త ఫ్రెంచి విప్లవాన్ని తిడుతూ పుస్తకం రాశాడు. రాణికి అవమానం జరుగుతుంటే వేల కత్తులు ఒరల్లోంచి లేవలేదే, శివల్రీ యుగం పోయిందే అని అందులో వాపోయాడు. ఆ ఏడాదే దానికి జవాబిచ్చినవాళ్ళలో మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ ఒకరు. రాణి కోసం కన్నీళ్ళు పెట్టుకునే ఈ పెద్దమనిషికి ఆకలితో ఉన్న సామాన్య స్త్రీలు కనబడరెందుకని ఆమె నిలదీసింది. రెండేళ్ళ తర్వాత, 1792లో, స్త్రీల హక్కుల గురించి ఆమె రాసిన పుస్తకం మనందరికీ తెలిసిందే. కింద పడిన చేతిరుమాలు తీసివ్వడానికి మగవాళ్ళు ఉరకడం చూస్తే నవ్వాపుకోలేనని అందులో అంటుంది. ఒక అడుగు వేస్తే ఆమే తీసుకోగలదు కదా అని. చేతిరుమాలు మీద కోపం కాదు ఆమెది. చేతిరుమాలు చేతికిచ్చి, చదువూ ఆస్తీ పౌరసత్వమూ వెనక్కి తీసుకోవడం మీద కోపం.

ఆ కోపం ఎంత న్యాయమైనదో 1873లో అమెరికా సుప్రీంకోర్టు రుజువు చేసింది. మైరా బ్రాడ్‌వెల్ అనే ఆమె న్యాయశాస్త్రం చదివింది. షికాగోలో న్యాయవాదులు చదివే వార్తాపత్రిక నడిపేది. లాయరుగా పనిచేయనివ్వమని అడిగితే రాష్ట్రం కాదంది. సుప్రీంకోర్టూ కాదంది. ఒక న్యాయమూర్తి విడిగా రాసిన అభిప్రాయంలో, పురుషుడు స్త్రీకి రక్షకుడు, ఆమె స్వభావం సుకుమారం, అందుకని ఇటువంటి వృత్తులకు పనికిరాదని కారణం చూపాడు. గమనించండి, తిట్టలేదు. చాలా మర్యాదగానే తలుపు వేశాడు.

ఆ దేశంలోనే ఈ మాట చేత హత్యలు కూడా చేయించారు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి పురుషులను గుంపులుగా వచ్చి చంపి, తెల్ల స్త్రీల మానరక్షణ కోసమే చంపామని చెప్పుకునేవారు. ఐడా బి. వెల్స్ అనే నల్లజాతి పాత్రికేయురాలు ఆ అబద్ధాన్ని బయటపెట్టింది. 1892లో మెంఫిస్ నగరంలో ఆమె స్నేహితుడినీ, అతనితోపాటు మరో ఇద్దరినీ చంపారు. వాళ్ళు చేసిన నేరం కిరాణా దుకాణం పెట్టి తెల్లవాడి దుకాణానికి పోటీ కావడం. ఆమె ఒక్కో సంఘటన వివరాలూ సేకరించి చూస్తే, ఎక్కువ హత్యల్లో అత్యాచారం అన్న ఆరోపణ కూడా లేదని తేలింది. ఆమె పత్రిక కార్యాలయాన్ని ధ్వంసం చేశారు.

ఈమెకే అంతకు ముందు జరిగిన ఇంకో సంగతి. రైలులో ‘లేడీస్’ పెట్టెలో టిక్కెట్టు కొనుక్కుని కూర్చుంటే, కండక్టరు ఆమెను లాగి బయటకు ఈడ్పించాడు. నల్లజాతి స్త్రీ వాళ్ళ లెక్కలో లేడీ కాదు. కోర్టుకెళ్ళి 1884లో 500 డాలర్ల నష్టపరిహారం గెలిచింది. 1887లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది.

చివరికి 1930లో జెస్సీ డేనియల్ ఏమ్స్ నాయకత్వంలో దక్షిణాది తెల్ల స్త్రీలే ఈ హత్యలకు వ్యతిరేకంగా సంఘం పెట్టుకున్నారు. మా పేరు చెప్పి మనుషుల్ని చంపవద్దు, మాకీ రక్షణ అక్కరలేదు అని వేలమందితో సంతకాలు చేయించారు. తమకు లాభంగా కనిపించే మర్యాదను తామే తిరగ్గొట్టడం తేలికైన పని కాదు. అందుకే ఆ సంతకాలంటే నాకు గౌరవం.

మన దేశానికి వద్దాం. రాజపుత్రుల చరిత్ర రాసిన జేమ్స్ టాడ్ అనే ఇంగ్లీషు అధికారి వాళ్ళలో యూరపు రౌతుల్ని చూసుకున్నాడు. ఆ వీరధర్మమే 1987 సెప్టెంబరులో రాజస్థాన్‌లోని దేవరాలా గ్రామంలో రూప్ కన్వర్ చితి దగ్గర కత్తులు పట్టుకుని కాపలా నిలబడింది. ఆమె బతికి ఉన్నప్పుడు ఆమెకు కాపలా ఎవరు?

చట్టాల్లో కూడా ఈ రౌతు మర్యాద దాగి ఉంది. భారత శిక్షాస్మృతిలో 497వ సెక్షన్ ఉండేది. పరాయివాడి భార్యతో సంబంధం పెట్టుకున్న పురుషుడికి శిక్ష, స్త్రీకి శిక్ష లేదు. అబ్బ, స్త్రీల పట్ల ఎంత దయ అనుకుంటాం. కానీ భర్త అనుమతి ఉంటే అది నేరమే కాదని అదే సెక్షన్ అంటుంది. అంటే అక్కడ నష్టపోయినవాడు భర్త. పోయింది అతని సొత్తు. సొత్తుకు శిక్ష వేయరు కదా! 1954లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను స్త్రీల కోసం చేసిన ప్రత్యేక ఏర్పాటుగా సమర్థించింది. 2018 సెప్టెంబరు 27న కొట్టేసింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ నేరం లేదు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం సాయంత్రం 7 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు ఆడవాళ్ళను ఫ్యాక్టరీల్లో పనిచేయనివ్వలేదు. ఆ నిబంధనను 2000లో మద్రాసు హైకోర్టు చెల్లదంది. మద్యం అమ్మే చోట స్త్రీలను ఉద్యోగంలో పెట్టుకోకూడదన్న 1914 నాటి పంజాబ్ ఎక్సైజు చట్టం నిబంధన మీద 2007 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే: పనిచేసే చోటును భద్రంగా ఉంచడం ప్రభుత్వం బాధ్యత, స్త్రీని ఇంట్లో కూర్చోబెట్టడం కాదు. ఇన్నేళ్ళూ ఆసుపత్రిలో నర్సు రాత్రి డ్యూటీ చేస్తూనే ఉంది. తెల్లవారుజామున రోడ్లూడ్చే మనిషి ఊడుస్తూనే ఉంది. వాళ్ళకు చీకటి అడ్డమని ఏ చట్టమూ బాధపడలేదు.

ఇక నా సొంత సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఆఫీసు పేరు చెప్పను, అవసరం లేదు.

మా పై అధికారి చాలా మంచివాడు. ఇది వెటకారం కాదు, నిజంగానే మంచివాడు. ఆడవాళ్ళు గదిలోకి వెళితే లేచి నిలబడేవాడు. “కూర్చోండమ్మా” అన్నాక గానీ తను కూర్చునేవాడు కాదు. గొంతు పెంచి మాట్లాడి ఎరగడు. మా పనిలో జిల్లాల్లో తనిఖీ క్యాంపులుండేవి. ఆయన ఆడవాళ్ళను ఒక్కరినీ క్యాంపుకు వేయలేదు. నేను వెళతానని అడిగాను. “అర్ధరాత్రి బస్సుల్లో మిమ్మల్ని తిప్పి ఆ పాపం నేను మూటగట్టుకోలేనమ్మా” అన్నాడు. ఇంటికొచ్చి మావారితో ఎంత సంస్కారవంతుడో అని చెప్పాను కూడా.

మూడేళ్ళ తర్వాత ప్రమోషన్ల జాబితా వచ్చింది. రెండేళ్ళ తనిఖీ అనుభవం ఉండాలన్నది నిబంధన. నాకంటే తర్వాత చేరిన ఇద్దరు మగవాళ్ళు పైకి వెళ్ళారు. నేను ఇంకో ఆరేళ్ళు అదే కుర్చీలో ఉన్నాను. ఆ తేడా జీతంలో ఉంది, ఇవాళ నా పెన్షన్‌లో కూడా ఉంది. ప్రతి నెలా ఒకటో తారీఖున ఆ మర్యాద నాకు గుర్తుకొస్తుంది.

ఆయన రిటైరైన రోజు వీడ్కోలు సభలో, “నా హయాంలో ఈ ఆఫీసులో ఏ ఆడకూతురికీ కష్టం కలగనివ్వలేదు” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ చప్పట్ల మధ్యలో వెనక బెంచీ దగ్గర నిలబడిన మా ఆఫీసు ఊడ్చే మనిషిని చూశాను. ఆమె రోజూ తెల్లవారకముందే బస్తీ నుంచి నడిచి వచ్చి, మేమంతా వచ్చేసరికి గదులు కడిగి పెట్టేది. ఆ చీకట్లో ఎలా వస్తున్నావమ్మా అని ఆయన ఎప్పుడూ అడగలేదు. ఆమె గదిలోకి వెళితే ఆయన లేవడం నేను చూడలేదు. న్యాయంగా చెప్పాలంటే, నేనూ అడగలేదు. నేనూ లేవలేదు. నాకు జరిగిన నష్టం తెలియడానికి మూడేళ్ళు పట్టింది. ఆమె సంగతి తోచడానికి ఆ చప్పట్ల రోజు దాకా పట్టింది.

అయితే మర్యాద అక్కరలేదా అని మీరు అడగవచ్చు. అక్కర్లేదని నేననడం లేదు. బస్సులో ఎవరైనా లేచి చోటిస్తే నేనీ వయసులో హాయిగా కూర్చుంటాను. కానీ ప్రతి మర్యాదనూ మూడు ప్రశ్నలు అడగమంటాను. ఇది అందరు స్త్రీలకూ అందుతోందా, కొందరికేనా? ఇది నన్ను అడిగి చేస్తున్నారా, నా బదులు వాళ్ళే నిర్ణయిస్తున్నారా? నేను వద్దంటే నాకు నష్టం లేకుండా ఉంటుందా? ఈ మూడింటికీ సరైన జవాబు వస్తే అది మంచితనం. స్త్రీ అయినా పురుషుడైనా ఎవరికైనా చూపదగిన మంచితనం. రాకపోతే అది గుర్రం మీద నుంచి వంగి పెట్టే నమస్కారం. వంగినా పైనే ఉంటాడు.

మన ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలను గౌరవించడం మన సంప్రదాయమనీ, వాళ్ళ సీట్లలో వాళ్ళను కూర్చోనివ్వమనీ రాసి ఉండటం మీరంతా చూసే ఉంటారు. ఆ సీటు మనకు సంప్రదాయం ఇచ్చింది కాదు. నిబంధన ఇచ్చింది. లేవనివాణ్ణి ‘దయచేసి’ అని బతిమాలనక్కరలేదు, లేవమని అడగవచ్చు. రాజ్యాంగం 15వ అధికరణం మూడో క్లాజు స్త్రీల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చునంటుంది. అది ఎవరి దాక్షిణ్యమూ కాదు. 73వ రాజ్యాంగ సవరణతో పంచాయతీల్లో మూడో వంతు సీట్లు వచ్చాయి. అవీ దాక్షిణ్యం కాదు. ఒకరు దయతో ఇచ్చినదాన్ని ఆ దయ తీరాక వెనక్కి తీసుకోవచ్చు. హక్కును తీసుకోవాలంటే మనకు జవాబు చెప్పుకోవాలి.

మా మనవరాలికి చివరికి ఏం చెప్పానంటే, “ఆ మాటకు తెలుగు వెతక్కు. ఎవరైనా నీ పట్ల అలా నడుచుకుంటే, నిన్ను క్యాంపుకు వేస్తారో లేదో ముందు కనుక్కో” అన్నాను. ఆ పిల్ల నవ్వింది. “మరి ఆ ఊడ్చే ఆవిడ ఏమైంది అమ్మమ్మా?” అని అడిగింది.

నాకు తెలియదు. నేను ఆమె పేరుతో పెన్షన్ కాగితాలు ఎప్పుడూ చూడలేదు. ఆమె ఉద్యోగం పర్మనెంటు కాదు. మన సంఘం రాబోయే మూడు నెలల్లో ఆఫీసుల్లో, బళ్ళలో, ఆసుపత్రుల్లో కాంట్రాక్టు మీద ఊడ్చే స్త్రీల వేతనాల గురించి, ప్రావిడెంటు ఫండు గురించి వివరాలు సేకరించాలని నా ప్రతిపాదన. ఈ సభలోనే దాని మీద చర్చించి నిర్ణయించమని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.